కుక్క ఉంటేనే స్నానం

ఫిల్మ్‌నగర్ కొండ మీద ఫ్లాట్ కొనాలని పట్టుబట్టింది నేనే. యూసుఫ్‌గూడలో కిరాయికి ఉన్నా నీళ్లకు లోటు లేదు కదా అని మా ఆవిడ నెత్తీ నోరూ బాదుకుంది. విన్నానా? ఐటీ జీతం తలకెక్కిన రోజులవి. పైగా అపార్ట్‌మెంట్‌కు సెక్రటరీని కూడా అయ్యాను. ఆ వేసవిలోనే బోరు ఎండిపోయింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ట్యాంకర్లు తెప్పించే పూచీ నాదని మీటింగులో అందరికీ మాటిచ్చాను. తీరా ట్యాంకర్ రావడమే గగనమైంది. ఇంటికి రెండు బకెట్లతో సరిపెట్టుకోమన్నాను.

మా కుక్క మాత్రం ఎప్పుడు చూసినా తళతళలాడుతోంది. నిమిరితే తడి, షాంపూ వాసన. నీళ్లన్నీ దానికే పోస్తున్నావా అని మా ఆవిడ మీద అరిచాను. ఆమె కుక్కను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఒక ఆదివారం కుక్క కనబడలేదు. వాచ్‌మన్‌ను అడిగితే నీళ్లు నమిలాడు.

"మేడమ్ తీస్కపోయింది సార్, జూబ్లీహిల్స్‌ల కుక్కల్ని కడిగే కాడికి. నిన్న మూడో ఫ్లోరోళ్లు తీస్కపోయిండ్రు. కుక్క లేకుంటె లోపలికి రానియ్యరంట."

వెళ్లి చూశాను. డబ్బు కట్టి ఎవరి కుక్కను వాళ్లే కడుక్కునే చోటు అది. నడుమెత్తు తొట్లు, గోడకు వేడినీళ్ల పైపులు. స్నానం ముగిసిన మా కుక్క ఒక మూల ఒళ్లు విదిలించుకుంటోంది. మా అపార్ట్‌మెంట్ వాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకుని వరసలో ఉన్నారు. తొట్టి అంచుకు ఇంకా బొచ్చు అంటుకునే ఉంది. అందులో మా అమ్మాయి తల వంచుకుని కూర్చుంటే, మా ఆవిడ కుంకుడు రసం పోసి రుద్దుతోంది. షాపువాడు చూసీ చూడనట్టు ఫోన్‌లో తల దూర్చాడు.

నన్ను చూడగానే అందరూ మొహాలు తిప్పుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను మా ఆవిడతో, గొంతు తగ్గించి.

"చెప్తే మనసుకు తీస్కుంటవని. నీకు తెల్వనియ్యొద్దని అందరం అనుకున్నం."

ఇంతమంది కుక్క తొట్టిలో స్నానాలు చేస్తూ నా పరువు కాపాడుతున్నారు. అంతకన్నా నలుగురూ కలిసి తిట్టినా బాగుండేది.

వరసలో మొదట ఉన్న మూడో ఫ్లోర్ పెద్దాయన పక్కకు జరిగాడు.

"సెక్రటరీగారూ, ముందు మీరు కానివ్వండి. రేపు ఆఫీసు ఉంటుంది కదండీ."

ఆ మాటలో వెటకారం కోసం వెతికాను. లేదు. వెళ్లి వరస చివర నిలబడ్డాను.