రాజారావు అంకుల్ పదో ఎక్కం

రాజారావు అంకుల్ ఇరవయ్యేళ్ళు ఒక్క విద్యను నమ్ముకుని బతికాడు. గుణకారం చెయ్యకుండా పదితో గుణించడం. ఇంగ్లండులోని వాట్‌ఫర్డ్‌లో తూకం మిషన్లు చేసే చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాడు. పాత చిప్పులకు గుణకారమంటే చచ్చేంత చాకిరీ. చిప్పు లోపల సున్నాలు, ఒకట్లుగా ఉండే అంకెల్ని ఎడమకు జరపడం, కూడడం మాత్రం చిటికెలో పని. ఒక్క స్థానం జరిపితే రెట్టింపు, మూడు జరిపితే ఎనిమిది రెట్లు, ఆ రెండూ కలిపితే పది. ఇలా చిప్పు భాషలోనే ఆయన చేత్తో రాసిన లెక్కలు నాలుగు వందల చోట్ల ఉండేవి.

2013లో నేను ఆ కంపెనీలో చేరినప్పుడు అద్దెకు ఇల్లు దొరక్కపోతే ఆయనే తమ ఇంట్లో గది ఇచ్చాడు. కనకదుర్గ ఆంటీ వండింది తిని, ఆయన కార్లోనే ఆఫీసుకు వెళ్ళేదాన్ని. దారి పొడవునా పాఠమే.

"గుణకారం గుర్తు పెట్టావంటే నీకు బద్ధకం వచ్చిందన్నమాటే మనస్వినీ," అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

2015లో కొత్త చిప్పు వచ్చింది. మేం రాసిన ప్రోగ్రామును ఆ చిప్పు ఆదేశాలుగా మార్చిపెట్టే కొత్త కంపైలర్ కూడా వచ్చింది. ఆ వెంటనే మేనేజరు మా ఇద్దరిలో ఒకరినే ఉంచుతానన్నాడు. చెరో పద్ధతిలో రాసి చూపించండి, ఎవరిది వేగమైతే వాళ్ళుంటారన్నాడు. ఉద్యోగం పోతే నా వీసా పోతుంది. యాభై మూడేళ్ళ వయసులో, ఆ ఒక్క విద్యతో, ఆయన్ని ఇంకెవరు తీసుకుంటారు? అదీ నాకు తెలుసు.

ఆయన ముందే కొలిచి చూసుకుని పొంగిపోయాడు. నేను మామూలుగా పదితో గుణించమని రాసినదానికంటే ఆయనది మూడింతలు వేగం.

"చూశావా! చిప్పు మారితే లెక్క మారుద్దా? నువ్వేం బెంగపడమాకు, ఇంకోచోట నేను చెప్పి పెట్టిస్తాలే," అన్నాడు.

ఎందుకు గెలిచాడో నాకు అర్థమైంది. పాత కంపైలర్ ఎప్పుడో ఒకసారి తప్పు చేసిందని ఆఫీసులో ఆప్టిమైజేషన్, అంటే ప్రోగ్రామును తనే వేగంగా మలిచే సదుపాయం, ఆపేశారు; కొత్తది వచ్చాక కూడా మళ్ళీ ఆన్ చెయ్యనేలేదు. ఆన్ చేస్తే కంపైలరే గుణకారాన్ని చవక ఆదేశాలుగా మార్చేస్తుంది. ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు.

"అయితే అందర్నీ పిలుద్దాం అంకుల్," అన్నాను.

ఆఫీసంతా వచ్చి నిలబడింది. ఆయన గెలిచి చూపించాడు, చప్పట్లు కొట్టారు. అప్పుడు నేను ఆప్టిమైజేషన్ ఆన్ చేశాను. ఆయన మూడు ఆదేశాలతో చేసిన పనిని కంపైలర్ రెండింటితో ముగించింది. ముందు ఐదు రెట్లు చేసి, దాన్ని రెట్టింపు చేసింది. ఇన్నేళ్ళూ ఇది ఆపేసే ఉందా అని మేనేజరు అడిగితే వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అంకుల్ తెర వంకే చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం ఆయన కార్లోనే ఇంటికొచ్చాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ఆంటీ పప్పు వడ్డిస్తుంటే తెలిసింది. అయినా మారు అడిగి వేయించుకున్నాను.

నోటీసు నెలలో ఆయనకిచ్చిన పని, తను రాసిన ఆ నాలుగు వందలూ తీసేసి మామూలు గుణకారాలు పెట్టడం. చేసింది సరిచూడాల్సింది నేను. ఆఖరి రోజు చూస్తే ఒకటి అలాగే ఉంది.

"ఒకటి మిగిలింది అంకుల్."

"ఉండనీ అమ్మాయ్. పని చేస్తానే ఉందిగా. ఎవరు చూస్తారు?"

"నేను చూశాను కదా."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడు. మూడు వరుసలూ ఒక్కొక్కటే చెరిపి, గుణకారం గుర్తు కొట్టాడు.

"చూసుకోమ్మా, సరిగ్గా ఉందా?" అన్నాడు.

సరిగ్గానే ఉందన్నాను. జాలేసింది. కానీ పాతది తిరిగి పెట్టుకోమని మాత్రం అనలేదు.