చిత్తుప్రతి లేని రాత

మాకు రాయడం నేర్పే మేడమ్ నా కాగితాలు వెనక్కి ఇచ్చినప్పుడు వాటి మీద ఎర్ర గీత ఒక్కటి కూడా లేదు. చివర్లో మాత్రం పెన్సిల్‌తో చిన్నగా రాసుంది: "చిత్తుప్రతులు ఎక్కడ?"

హైదరాబాదులో ఆ సెమిస్టరు చదవడానికి వెళ్లేసరికి నాకు యాభై రెండేళ్లు. అక్షరాలు నేర్చుకున్నది ముప్పై ఎనిమిదో ఏట, మా ఊరి చర్చి వరండాలో నడిచిన సాయంత్రం బడిలో. తర్వాత పదో తరగతి, ఇంటర్ ఓపెన్‌లో కట్టాను. దూరవిద్యలో డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా, రచన, ప్రచురణ నేర్పే ఈ కోర్సు ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. సీటొచ్చింది. మా ఊరు ప్రత్తిపాడుకు దగ్గర. మిరపకోతల్లో ఏళ్ల తరబడి నా పక్క సాలు పట్టిన ఆడవాళ్లంతా ఆ కబురు విని పగలబడి నవ్వారు.

"హాస్టల్లో రెండు జడలేసుకుంటావటే?" అంది మా పెద్ద తోడికోడలు.

"వేసుకుంటానక్కా. రిబ్బన్లు నువ్వు కొనిపెట్టు" అన్నాను.

జనవరిలో వెళ్లాను. పెళ్లయ్యాక నేను చేలో లేని కోతల కాలం అదే మొదటిది.

క్లాసులో పద్దెనిమిది మందిమి. నేను తప్ప మిగతా అందరూ ఇరవై ఏళ్ల పిల్లలు. కంప్యూటర్లో పేజీలు అమర్చడం నేర్పారు. మొదటి వారం మౌస్‌ను స్ప్రేయర్ నొక్కినట్టు గట్టిగా నొక్కేదాన్ని. రెండో వారానికి చెయ్యి తేలికైంది. ఒకరోజు ప్రెస్సుకు తీసుకెళ్లారు. అక్కడ పది మంది ఆడవాళ్లు కింద కూర్చుని, కాళ్లు చాపుకుని, అచ్చయిన పెద్ద కాగితాలను పదహారు పేజీలుగా మడుస్తున్నారు. చేతులు మడుస్తుంటే నోళ్లు ఎవరి కోడలి సంగతో చెప్పుకుంటున్నాయి. పిల్లలు మిషన్ల ఫొటోలు తీసుకుంటుంటే నేను వాళ్ల పక్కన కూర్చుని నలభై కాగితాలు మడిచి వచ్చాను.

సెమిస్టరు చివర అందరి రచనలతో ఒక పుస్తకం వేయాలి. రాయడం, తప్పులు దిద్దడం, అట్ట, అచ్చు అన్నీ మేమే చూసుకోవాలి. దానికి ఒక నియమం ఉంది. ప్రతి రచనకూ మూడు చిత్తుప్రతులు జత చేయాలి. అవి లేకపోతే ఆ రచన పుస్తకంలోకి ఎక్కదు.

మేడమ్ నన్ను గదికి పిలిచింది. వయసులో నాకంటే చాలా చిన్నది, మర్యాదస్తురాలు.

"ఏమీ అనుకోకండి. ఇది మీరే రాశారా?"

"నేనేనండి."

"ఎవరైనా దిద్దిపెట్టారా? పోనీ, ఫోన్లో రాయించారా? ఈ మధ్య ఏఐ చేత రాయించి తెచ్చేస్తున్నారు. ఒక్క కొట్టివేత లేకుండా ఇంత నున్నగా ఉంటే నాకు అనుమానం వస్తుందండీ."

"మిరపకల్లంలో వాన పడితే ఏం జరుగుద్దో నా ఫోనుకేం తెలుసండీ? అది ఎప్పుడన్నా తడిసిందా?"

నవ్వింది కానీ మాట మార్చలేదు. "శుక్రవారం దాకా చూస్తాను. చిత్తుప్రతులు ఇవ్వలేకపోతే మాత్రం వేయలేను."

హాస్టల్ గదికొచ్చి కూర్చున్నాను. నా గదిలో ఉండే అమ్మాయిది కరీంనగర్. సంగతి విని తేలిగ్గా తీసిపారేసింది.

"గింత దానికి పరేషాన్ ఎందుకు ఆంటీ? ఇప్పుడు కూసొని రెండు మూడు దొంగ చిత్తులు రాసెయ్. నడుమ నడుమ కొట్టుడు నేను కొడ్త."

"నిజంగా మూడుసార్లు మార్చినదానికి దొంగవి ఎందుకే?"

"మరి ఆ మూడు యాడున్నయ్?"

"నా దగ్గరే ఉన్నాయి."

"సూపియ్."

చూపించడానికి ఏమీ లేదు. నేను రాయడం మొదలుపెట్టింది పలక మీద. పలక మీద తప్పు పడితే తడిగుడ్డతో తుడిచేస్తాం, సరైనదే మిగులుతుంది. నోటుపుస్తకం చేతికొచ్చాక కూడా తప్పు రాతకు కాగితం పాడుచేయడం నాకు చేతకాలేదు. అంతకుముందు కథలన్నీ చేలో చెప్పినవే. కాయ కోస్తూ ఒకరోజు చెబుతాను. పక్క సాల్లోంచి ఎవరో ఒకరు "అదేం కాదు, అప్పుడు వాన మొదలవలా" అంటారు. మర్నాడు ఆ ముక్క సరిచేసి చెబుతాను. వారం తిరిగేసరికి కథ గట్టిపడుతుంది. ఏ రోజు ఎలా చెప్పానో మాట పొల్లుపోకుండా నాకు గుర్తుంటుంది. చదువు రాని ముప్పై ఎనిమిదేళ్లూ నాకు ఉన్న పుస్తకం అదొక్కటే. హైదరాబాదులో కూడా హాస్టల్ నుంచి కాలేజీకి నడిచే దారిలో మనసులో మార్చుకుని, చివరిది మాత్రమే కాగితం మీద పెట్టాను.

అదంతా చెబితే ఆ అమ్మాయి నోరు తెరిచి చూసింది. "గదే పోయి మేడంకి చెప్పు ఆంటీ. నువ్వు చెప్తుంటే నేను రాస్త."

మంచి మాటే. కానీ ఆ మూడింటిలో మొదటిదాన్ని నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నేను రాసింది ఒక మార్చి నెల సంగతి. నేను అక్షరాలు నేర్చుకున్న మరుసటేడు, కల్లంలో మిరపకాయ ఆరబోసి ఉండగా మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. రైతు కేకలేశాడు. పెద్ద టార్పాలిన్ పట్టా తెచ్చి నాలుగు మూలలా నలుగురం పట్టుకుని రాశి మీదికి లాగుతున్నాం. నేను మేడమ్‌కి ఇచ్చిన కాగితాల్లో, గాలికి ఒక మూల లేచింది, పట్టా ఎగిరింది, సగం కాయ తడిసి రంగు పోయింది అని ఉంది. గాలి ఉన్నమాట నిజమే. కానీ మూల లేచింది గాలికి కాదు. నేను వదిలేశాను. గట్టు మీద అన్నం సంచిలో నా నోటుపుస్తకం ఉంది. నా అంతట నేను మొదటిసారి రాసుకున్న రెండు పేజీలు అందులో ఉన్నాయి. ఆ సంచి కోసం పరిగెత్తాను. నా మూల ఎగిరి, పక్క మూల పట్టుకున్న మా పెద్ద తోడికోడలి చేతుల్లోంచి కూడా పట్టాను లాక్కుపోయింది. రైతు తిరిగి చూసేసరికి ఖాళీ చేతులతో కనబడింది ఆమె. నింద ఆమె మీద పడింది. నేను సంచి చెట్టు కింద పెట్టి వచ్చేసరికి అందరూ ఆ గోలలో ఉన్నారు, నన్నెవరూ చూడలేదు. నేనూ నోరు విప్పలేదు.

రెండోదీ, మూడోదీ చెప్పి, మొదటిదానికి ఏదో ఒకటి కల్పించి ఇవ్వొచ్చు. కానీ అప్పుడు మేడమ్ అనుమానమే నిజమవుతుంది. అది నాకు ఇష్టం లేదు. రాసింది నాది. నాదని ఒప్పించాలంటే ఉన్నదున్నట్టు చెప్పాలి.

శుక్రవారం పొద్దున్నే మేడమ్ గదిలో కూర్చుని మూడూ చెప్పాను. కరీంనగర్ అమ్మాయి ఒక్కోదాన్నీ విడివిడిగా రాసింది. మూడోది చెబుతుంటే మేడమ్ నా కాగితాలు ముందు పెట్టుకుని వరుసన వేలు జరుపుకుంటూ వెళ్లింది. ఎక్కడా వేలు ఆగలేదు. పూర్తయ్యాక మొదటి ప్రతి మళ్లీ తీసింది.

"ఇందులో మూల మీరే వదిలేశారు. గాలి ఎప్పుడు వచ్చింది?"

"రెండోదాన్లోనండి."

"ఎందుకు?"

"రెండోది సాల్లో చెప్పాను. మా తోడికోడలు నా పక్క సాల్లోనే ఉంటుంది గనక."

మూడు ప్రతులూ నా కాగితాల వెనక పెట్టి పిన్ను కొట్టింది. తర్వాత, "మిమ్మల్ని అలా అడిగినందుకు ఏమీ అనుకోకండి" అంది.

"అడగడం తప్పు కాదండి. పిల్లల్ని ఎలా అడుగుతారో నన్నూ అలాగే అడిగారు."

"పుస్తకంలో వేస్తున్నాం. ఏ ప్రతి వేయాలో మీరే చెప్పండి."

సోమవారం చెబుతానన్నాను. మధ్యాహ్నం కోతల దగ్గర అన్నాలు తినే వేళకు మా తోడికోడలికి ఫోన్ చేశాను.

"ఏమే పట్నం పిల్లా! ఆగు, స్పీకర్లో పెడతా. అందరం ఇక్కడే ఉన్నాం. ఊఁ, కానీయ్."

కాలేజీ వరండాలో గోడకు ఆనుకుని నిలబడి, అమ్మాయి రాసిన మొదటి ప్రతి చదివాను. మధ్యలో ఎవరూ ఊఁ కొట్టలేదు.

"ఆ మూల కాడ మళ్లీ చదువు" అంది మా తోడికోడలు.

చదివాను.

"ఓసి దొంగదానా! పదమూడేళ్లు గాలి మీద పెట్టావా? రెండేళ్లు ఆ రైతు నన్ను చేలోకి రానీలేదే!"

"పుస్తకం కోసమంట! బంగారమేమో అనుకున్నా" అని వెనక ఎవరో అన్నారు. నవ్వులు వినబడ్డాయి. ఆమె మాత్రం నవ్వలేదు.

"తప్పు నాదే అక్కా. ఊరికొచ్చాక నీ ఎదురుగా కూడా చెబుతాను. అచ్చులో ఏం వేయమంటావు? నువ్వు వద్దంటే గాలే ఉంటుంది."

"గాలి తీసెయ్" అంది వెంటనే. "నీ మూల నీ పేరునే రాయి. ఆ రైతింటికి కూడా ఓ పుస్తకం పంపించు. అయినా నీ కథలో సగమే ఉంది. ఆ రోజు ఆయన నన్ను ఏమన్నాడో నీకు తెలీదుగా, నువ్వు గట్టు కాడ ఉన్నావ్. కాగితముందా?"

"ఉంది."

"రాసుకో."

ఆమె చెబుతుంటే గోడ మీద కాగితం పెట్టి రాశాను. అందరి ముందూ ఏమన్నాడో, వానలో తడుస్తూ ఒక్కతే ఎలా ఇంటికి నడిచిందో, ఆ సాయంత్రం నేను వాళ్లింటికి వెళితే నాకు టీ పెట్టిచ్చి కూడా ఆ మాటలు ఎందుకు చెప్పలేదో చెప్పింది. పెన్ను ఆమె నోటి వెనక పరిగెత్తలేక రెండుసార్లు ఆగమన్నాను.

"అయిందా? చదువు."

చదివాను.

"'చేతులు పడిపోయాయా' అనలేదు. 'నీకు చేతులెందుకు' అన్నాడు. సరిగ్గా పెట్టు."

కొట్టేసి పైన రాశాను. అచ్చయిన పుస్తకంలో ఆ మాట ఆమె చెప్పినట్టే ఉంది.