చెయ్యి చెప్పిన సాక్ష్యం

పెద్ద సిస్టరు ఆపరేషన్ థియేటర్లో పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. అన్నేళ్ళలో ఆ గదిలో ఆవిడ ఆడిన మాటలన్నీ పోగేసినా ఒక కార్డుముక్క నిండదు. పెద్ద డాక్టరుకి పని దగ్గర మాటలంటే గిట్టవు. "నోరు కూడా చెప్పులతో పాటు బయటే విప్పి రండి" అని మొదటిరోజే చెప్పాడు. అందరూ నవ్వారు. నవ్వితే ఆయన చూసిన చూపుకి మళ్ళీ ఎవరూ నవ్వలేదు.

ఆవిడ పని పనిముట్లు అందించడం. ఆయన రెండు వేళ్ళు ఆడిస్తే కత్తెర. పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళు కలిపితే కత్తి. అరచెయ్యి వెల్లకిలా పెట్టి మణికట్టు తిప్పితే సూదీ దారం. ఇంతవరకూ ఏ థియేటర్లోనైనా ఉన్నదే. వీళ్ళిద్దరి మధ్యా ఆ పైన ఇంకో భాష పెరిగింది. తలకి టోపీ, మూతికి గుడ్డ, కనబడేవి కళ్ళొక్కటే. ఆయన కనుబొమ ఎత్తితే దీపం జరపాలి. ఊపిరి గట్టిగా వదిలితే నెత్తురు అద్దాలి. భుజం ఒక్కసారి పైకి లేచిందంటే ఎవరికో ఆ రోజు మూడినట్టే. కొత్తగా వచ్చిన నర్సులు వారం రోజులు ఏడ్చి, నెల తిరిగేసరికి వేరే వార్డు అడుక్కునేవారు. పెద్ద సిస్టరు మాత్రం ఆయన చెయ్యి లేవకముందే పనిముట్టు చేతిలో పెట్టేసేది.

దాచడమెందుకు, ఆవిడకి అదో గర్వం. "చెబితే ఎవరైనా చేస్తారు, చూసి చేసేదే సిస్టరు" అనేది. ఇంటికొస్తే మాత్రం ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. మొగుడు స్కూలు వ్యాను డ్రైవరు. రోజంతా పిల్లల గోలలో నలిగి వచ్చి, కాస్త కళ్ళు మూసుకుందామంటే ఈవిడ మొదలుపెట్టేది. "అక్కడ కట్టేసిన నోరంతా తెచ్చి నా నెత్తిన పోస్తావేమిటే" అని ఆయన విసుక్కునేవాడు.

ఆ భాషలో ఆవిడ వైపు నుంచి వెళ్ళే మాట ఒక్కటే. కడుపు కోసినప్పుడు నెత్తురు అద్దడానికి వాడే పెద్ద గాజుగుడ్డల్ని అక్కడ మాప్‌లంటారు. లోపలికి ఎన్ని వెళ్ళాయో అన్నీ బయటికొచ్చాకే కడుపు కుట్టాలి. లెక్క తగ్గితే, ఆయన సూది కోసం చెయ్యి చాపినప్పుడు ఆవిడ ఇవ్వదు. సూది పట్టుకునే పనిముట్టు మీద అరచెయ్యి వేసి ఊరుకుంటుంది. ఆయన ఆగి, లోపల వెతుకుతాడు. పద్దెనిమిదేళ్ళలో అలా మూడుసార్లు జరిగింది, మూడుసార్లూ గుడ్డ దొరికింది. మూడోసారి ఆయన కళ్ళతో నవ్వాడు కూడా. ఆ నవ్వు సంగతి వారం రోజుల పాటు వింటూ వ్యాను డ్రైవరు రెండు పూటలా అన్నం తిన్నాడు.

నాలుగోసారి బల్ల మీద ఉన్నది బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టే మనిషి. ముప్పై ఆరేళ్ళు, కడుపులో గడ్డ. ఆ రోజుకి అది ఆరో ఆపరేషను. సాయంత్రం పెద్ద డాక్టరుకి ఎక్కడో సన్మానం. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా బట్టలు మార్చుకునే గదిలో పొద్దుటినుంచీ వేలాడుతోంది. తలుపు పైన గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

పదిహేను మాప్‌లు లోపలికి వెళ్ళాయి. పధ్నాలుగు బయటికొచ్చాయి. వాడిన గుడ్డలు లెక్కపెట్టే చిన్న సిస్టరు బకెట్టు దగ్గర వంగి రెండోసారి లెక్కపెట్టి, ఒక వేలు చూపించి తల అడ్డంగా ఊపింది. పెద్ద డాక్టరు మణికట్టు తిప్పాడు. పెద్ద సిస్టరు పనిముట్టు మీద అరచెయ్యి వేసింది.

ఆయన ఆ చేతిని చూశాడు. ఆవిడ కళ్ళలోకి చూశాడు. గడియారం చూశాడు. గాయంలో వేళ్ళు పెట్టి ఇటూ అటూ ఒకసారి తడిమి, మళ్ళీ చెయ్యి చాపి రెండుసార్లు చిటిక వేశాడు. తడి గ్లవ్స్‌తో వేసిన చిటిక మోగదు. ఆవిడకి మాత్రం వినబడింది, సూది ఇచ్చేసింది.

"నేను ఇవ్వలేదండీ, చెయ్యి ఇచ్చేసింది" అంది తరవాత మొగుడితో.

"చెయ్యి నీది కాదూ?" అన్నాడాయన.

నన్నడిగితే, చెయ్యి ఆవిడదే. నోరు కూడా ఆవిడదే. "ఒకటి తగ్గింది సార్" అంటే ఏం పోయేది? మహా అయితే భుజం లేచేది. ఓ తిట్టు పడేది. సన్మానానికి వెళ్ళేవాడు పావుగంట ఆలస్యంగా వెళ్ళేవాడు, దండ వాడిపోయేది కాదు. కానీ పద్దెనిమిదేళ్ళు మూసుకున్న నోరు అవసరానికి తెరుచుకుంటుందా? తుప్పు పట్టిన తాళం అది.

అయినా ఊరుకోలేక, బట్టలు మార్చుకుని వెళ్ళిపోతున్న డాక్టరుకి వరండాలో ఎదురెళ్ళింది. "సార్..." అంది. ఆయన ఆగలేదు. అరచెయ్యి కిందికి పెట్టి, గాలిలో రెండుసార్లు మెల్లగా అద్ది చూపించి వెళ్ళిపోయాడు. ఉండు, కంగారు పడకు, నేను చూసుకుంటాను, ఎక్స్‌రే తీయిస్తాను అని ఆవిడ అర్థం చేసుకుంది. ఒక్క చేతి ఊపులో అంత ఉందా? ఆవిడకి కావలసినంతా ఉంది. చేతులు చదవడంలో తనని మించిన వాళ్ళు లేరనుకునే మనిషి, ఆ పూట తనకి పనికొచ్చే అర్థాన్నే చదువుకుంది. రోజు చివర ఆరు కేసుల కాగితాలకీ కలిపి సంతకాలు పెట్టడం అక్కడి అలవాటు. మాప్‌ల గడిలో చిన్న సిస్టరు ఎప్పటిలాగే అన్నిట్లో "సరి" అని ముందే రాసి ఉంచింది. పెద్ద సిస్టరు ఆరో కాగితం దగ్గర కాసేపు ఆగి, సంతకం పెట్టింది. మర్నాడు వార్డుకెళ్ళి ఎక్స్‌రే తీశారా అని అడగాలనుకుంది. మర్నాడు ఏడు ఆపరేషన్లు.

ఎక్స్‌రే తీయలేదు. నెల తిరక్కుండానే మిషను కుట్టే మనిషికి జ్వరం తగులుకుంది, కడుపు ఉబ్బింది. వేరే ఆసుపత్రిలో మళ్ళీ కోసి, గుడ్డ తీశారు. గుడ్డతో పాటు కుళ్ళిన పేగు మూరెడు తీసేశారు. ప్రాణం దక్కింది. మిషను ముందు గంటకి మించి కూర్చునే ఓపిక మాత్రం దక్కలేదు. ఆమె మొగుడు ఫిర్యాదు పెట్టాడు. ఆసుపత్రి వాళ్ళు విచారణ అన్నారు.

పెద్ద సిస్టరు కూతురు ఒక కంపెనీలో, ఉద్యోగులు ఎలా నిలబడాలి, ఎలా కూర్చోవాలి అని పాఠాలు చెబుతుంది. దానికీ జీతమిస్తారు మరి. విచారణకి ముందురోజు తల్లిని అద్దం ముందు కూర్చోబెట్టింది.

"చేతులు కట్టుకోకమ్మా, ఏదో దాస్తున్నట్టుంటుంది. నడుం నిటారుగా పెట్టు. అడిగేవాళ్ళ కళ్ళలోకి చూడు."

"ఎదుటివాళ్ళ కళ్ళు చూసే కదే పద్దెనిమిదేళ్ళు బతికాను!"

"అది కింద నుంచి పైకి చూడ్డం. ఇది ఎదురుగా చూడ్డం. వేరు."

పెద్ద సిస్టరు నడుం నిటారు చేసింది.

విచారణ పై అంతస్తులో, పొడుగు బల్ల ఉన్న గదిలో. అధ్యక్షుడిగా సూపరింటెండెంటు. ఒక పక్క బయటి నుంచి పిలిపించిన రిటైరైన డాక్టరమ్మ, రెండో పక్క యాజమాన్యం తరఫు ఆఫీసరు. చివర టైపిస్టు. ఎదురుగా కుర్చీలో పెద్ద డాక్టరు. అప్పటికే మత్తు డాక్టరు తను యంత్రాల వైపు చూస్తున్నానని చెప్పి వెళ్ళిపోయాడు. చిన్న సిస్టరు ఏడ్చి వెళ్ళిపోయింది. ఇక బలివ్వడానికి మిగిలింది ఆవిడ ఉద్యోగం.

"కాగితంలో సరి అని సంతకం పెట్టారు. లెక్క తగ్గిందని డాక్టరుగారికి చెప్పారా?" అన్నాడు సూపరింటెండెంటు.

"చెప్పానండీ."

"ఏమని చెప్పారు?"

"సూది ఇవ్వలేదు."

టైపిస్టు చేతులాపి, "ఏం కొట్టమంటారు సార్?" అన్నాడు.

ఆవిడ అంతా వివరించింది. అరచెయ్యి వెయ్యడం, ముందు మూడుసార్లు జరగడం, ఆయన ఆగడం, వెతకడం. కూతురు చెప్పినట్టు కళ్ళలోకి చూస్తూనే చెప్పింది. సూపరింటెండెంటు నవ్వాడు. "మౌనం అర్ధాంగీకారం అని విన్నాం గానీ, మౌనమే అభ్యంతరం అనడం మీ దగ్గరే విన్నానమ్మా."

పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "పనిముట్టు అందించడం ఒక్కోసారి ఆలస్యమవుతుంది. ఆవిడకీ వయసు మీద పడుతోంది. నేను పట్టించుకోను. ఏదైనా ఉంటే నోటితో చెప్పాలి కదా. నేను వద్దన్నానా?"

ఆ మాటకి ఆవిడ ఒళ్ళు మండిపోయింది. అంత కోపం తనలో ఉందని ఆవిడకే తెలీదు.

"ఒక ట్రే తెప్పించండి" అంది. "పనిముట్లన్నీ పెట్టించండి. సార్‌ని చెయ్యి చాపమనండి, మాట్లాడక్కర్లేదు. ఏం అడిగితే అది ఇస్తాను. పదింట్లో ఒక్కటి తప్పినా మీరు తీసెయ్యక్కర్లేదు, నేనే పోతాను. ఆయన చెయ్యి నాకు తెలిస్తే, నా చెయ్యి ఆయనకి తెలియదా?"

రిటైరైన డాక్టరమ్మ, "తెప్పిస్తే పోయేదేముంది" అంది. అందరూ పెద్ద డాక్టరు చేతుల వైపు చూశారు. అప్పటిదాకా బల్ల మీదున్న ఆ రెండు చేతులూ మెల్లగా కిందికి జారి ఒళ్ళోకి వెళ్ళిపోయాయి.

"ఇది విచారణా, సర్కస్సా?" అన్నాడు.

"చూశారా, చేతులు దాచేశారు! అది రాసుకోండి" అంది పెద్ద సిస్టరు.

ఎవరూ రాసుకోలేదు. రాసుకున్నది యాజమాన్యం ఆఫీసరొక్కడే, అదీ ఆవిడ గురించి. తరవాత బయటికొచ్చిన కాగితంలో ఆ మాటలున్నాయి. "నిటారుగా కూర్చుని, కళ్ళలోకి సూటిగా చూస్తూ జవాబులిచ్చింది. పశ్చాత్తాపం కనబడలేదు." కూతురి పాఠం అలా ఫలించింది.

బయట కూర్చోమన్నారు. వరండా బెంచీ మీద మిషను కుట్టే మనిషి, ఆమె మొగుడు ఉన్నారు. పెద్ద సిస్టరు రెండో చివర కూర్చుంది. మిషను కుట్టే మనిషి కడుపు మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా ఇటు జరిగింది.

"అక్కా, ఒకటడుగుతాను. లోపల ఉండిపోయిందని ఆ రోజు నీకు తెలుసా?"

పెద్ద సిస్టరు చేతులు ఒళ్ళోకి జారాయి.

"మా ఫ్యాక్టరీలో కుడుతుంటే సూది విరుగుతుంది" అంది ఆమె. గొంతులో కోపం లేదు. "విరిగిన ముక్క దొరికేదాకా మిషను ఆపేస్తాం. సూపరైజరు మీద పడి అరుస్తాడు. అయినా సూది విరిగింది అని గట్టిగా చెప్పి లేచి నిలబడతాం. ముక్క చొక్కాలో ఉండిపోతే తొడుక్కునేవాళ్ళకి గుచ్చుకుంటుంది కదా. చొక్కా కోసం, అక్కా."

పెద్ద సిస్టరుకి ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఆ గదిలో గంటసేపు తన చెయ్యి ఎంత చక్కగా మాట్లాడుతుందో నిరూపించాలని తాపత్రయపడిన మనిషికి, ఆ చెయ్యి చివరికి ఏం చేసిందో ఈమె ఎదుట కూర్చుంటేనే తెలిసొచ్చింది.

"తెలుసమ్మా" అంది. "తెలిసే ఇచ్చాను."

ఆమె మొగుడు చటుక్కున లేచాడు. "ఆ మాట లోపల చెప్పండి."

ఆవిడ లేచి, తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒకటి లోపల ఉందని నాకు తెలుసండీ. తెలిసే సూది ఇచ్చాను. నోరు విప్పలేదు. అది నా తప్పే."

టైపిస్టు వేళ్ళు టకటకలాడాయి.

"డాక్టరుగారికీ తెలుసు. నా చెయ్యి చూశారు, గడియారం చూశారు, చిటికేశారు."

టైపిస్టు సూపరింటెండెంటు వైపు చూశాడు. సూపరింటెండెంటు తల రవ్వంత, చీమ కదిలినంత, అడ్డంగా కదిలింది. ఆ గదిలో దాన్ని పట్టుకోగలిగిన కళ్ళు ఆవిడవే. వేళ్ళు ఆగిపోయాయి.

"రెండో మాట కొట్టలేదండీ" అంది ఆవిడ.

"అది ముందే విచారించాం కదమ్మా."

కాగితం ముందుకు జరిపి, సంతకం పెట్టమన్నారు. పెట్టనంది. రెండో మాట రాస్తేనే పెడతానని, వరండాలో వాళ్ళకి వినబడేంత గట్టిగా అంది. రిటైరైన డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది. పెద్ద డాక్టరు వాచీ చూసుకున్నాడు.

"ఫరవాలేదు" అన్నాడు సూపరింటెండెంటు. "సంతకం అక్కర్లేదు. నోటితో ఒప్పుకున్నారు, చాలు."

పద్దెనిమిదేళ్ళలో ఆవిడ నోటి మాటకి ఆ ఆసుపత్రి విలువ ఇవ్వడం అదే మొదటిసారి.