మెత్తటి భాకరీ, కడక్ భాకరీ

పోయిన నెల చివరి సోమవారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు సుశీలక్క కడక్ భాకరీని, అంటే పెళుసుగా ఎండిన జొన్న రొట్టెను, చాయ్‌లో ముంచుకుని తిన్నది. ఏడున్నరకు పక్కనే ఉన్న మరమగ్గాల షెడ్డులోంచి వాళ్ల అన్న రాజన్న పిలిచాడు. ఆమె పలకలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. కబురు అందినప్పుడు నేను అశోక్ చౌక్‌లో కూరగాయలు కొంటున్నాను. తూకం వేయించిన వంకాయలు అక్కడే మరిచి వచ్చేశాను.

నేను ఆమె చిన్నమ్మ కొడుకును, తెలుగు బడిలో పంతులుగా చేసి విరమించినవాణ్ణి. పెద్ద మాటలంటే ఆమెకు నవ్వొచ్చేది. అందుకని వాడను.

డాక్టర్ సుశీల పాలిమర్ల భౌతిక శాస్త్రం చదివింది. ఉద్యోగమంతా పుణెలోని ఒక ప్రయోగశాలలో చేసింది. ఆమె పరిశోధన దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: నూలు మీద ఆరిన గంజి పొర ఎప్పుడు వంగుతుంది, ఎప్పుడు పగులుతుంది? మా మగ్గాల వాడ దాజీ పేటలో గంజి వాసన మధ్య పెరిగిన పిల్ల పుణె దాకా పోయి మళ్లీ గంజే చదివిందని చుట్టాలు ఆటపట్టించేవారు. 'గంజి డాక్టరమ్మ' అన్నారు. ఆ పేరునే ఆమె తన గది తలుపు మీద రాసి పెట్టుకుంది.

ఒక పెద్ద సదస్సులో బొమ్మలు చూపించే యంత్రం మొరాయించిందట. అక్క సంచిలోంచి కడక్ భాకరీ తీసి మైకు దగ్గర పెట్టి ఫట్‌మని విరిచింది. తర్వాత డబ్బాలోని మెత్తటి భాకరీని మడిచి చూపింది. రెండింటిలోనూ జొన్న ఒకటే, తేడా నీళ్లదే అని చెప్పింది. నీళ్లు లేకపోతే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు కదలలేవు, అందుకే విరుగుతుంది. గంజి పొర కథా ఇంతే. "మరి ఆ భాకరీ ఏం జేసినవక్కా?" అని అడిగాను. "ఏం జేస్త? అధ్యక్షులవారు సగం తిన్నరు. చట్నీ లేదా అని అడిగిండ్రు."

అక్క ఉద్యోగం విరమించి ఇంటికి వచ్చిన ఎండాకాలం రాజన్న షెడ్డులో దారాలు తెగ తెగిపోతున్నాయి. మగ్గాలను పాత ఇనుముకు అమ్మేస్తానన్నాడు. అవి పోతే ఆయనకు వేరే పని రాదు. అక్క, "ఒక్క బీము ఆగన్నా, నా గంజి పట్టిచ్చి జూద్దం" అంది. ఒక బీముకు, అంటే మగ్గానికెక్కించే ఒక చుట్ట పడుగుకు, పట్టించారు. మధ్యాహ్నానికి ముందుకన్నా ఎక్కువ తెగాయి.

"ఏందే సుశీల, నీ సైన్సంత పుణె బస్సుల మరిశినవా?" అన్నాడు రాజన్న.

అక్క నుదురు కొట్టుకుని పగలబడి నవ్వింది. తేమ కొలిచే పరికరాన్ని ఆమె ఇంట్లో, కూలర్ ముందు పెట్టి చూసింది. మగ్గాలేమో మండే రేకుల కింద, పొడి గాలిలో ఉన్నాయి. "నవ్వకుంటె ఎట్లన్నా? తప్పు జేసి ఏడ్సుకుంట కూసుంటె రెండోపారి జేసుడెప్పుడు?" ఆ మాట ఆమె జీవితమంతా అంటూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం రేకుల కిందే కూర్చుంది. ఈసారి దారాన్ని కింది పెదవికి ఆనించి చూసింది. మా ఇళ్లలో ఆడవాళ్లు తేమ తెలుసుకునే పద్ధతి అది; తేమ ఉంటే దారం చల్లగా తగులుతుంది. ఆ చల్లదనాన్ని అంకెల్లోకి తేవడానికే తాను పరికరం తయారు చేశానని, చేశాక పెదవిని మరిచానని చెప్పింది. గంజిలో తేమను పట్టి ఉంచే గ్లిజరిన్ కొంచెం పెంచింది. రెండో బీము దారాలు తెగకుండా చివరిదాకా సాగింది.  ఇనుము వ్యాపారి వస్తే రాజన్న, "చల్ బాబా, మా చెల్లె ఒప్పుకుంటలేదు" అని పంపించేశాడు.

అప్పటినుంచి రోజూ ఏడున్నరకు అక్క షెడ్డుకు వచ్చేది. దారం పెదవికి ఆనించి, "బరోబర్ ఉంది, ఇగ నడుపు" అనేది. ఆ మాట వినకుండా రాజన్న ఏనాడూ మోటారు వేయలేదు.

దినాలు అయ్యాక షెడ్డు తెరిచారు. గంజి పాళ్లు రాజన్నకు తెలుసు. పరికరం ఇప్పుడు రేకుల కిందే ఉంది. దారాలు తెగడం లేదు. ఆమె కోరుకున్నది అదే కనుక సంతోషించాలి, సంతోషిస్తున్నాను కూడా. ఆమె లేని లోటు ఏమిటని ఎవరైనా అడిగితే నాకు తెలిసిన జవాబు చిన్నది. మగ్గాలు ఏడున్నరకే మొదలవుతున్నాయి. మోటారు వేసే ముందు దారాన్ని ఎవరూ పెదవికి ఆనించడం లేదు.