చింతగింజల బంక

సత్యవేణి నాచారంలోని ఒక గమ్ము కంపెనీలో డబ్బాలు ప్యాక్ చేస్తుంది. లోకంలో గమ్ముతో అతకనిదంటూ లేదని ఆమె నమ్మకం. చెప్పు ఊడినా గమ్మే, కుర్చీ కాలు కదిలినా గమ్మే. అందుకే ఉప్పల్‌లోని ఇంట్లో అటక మీంచి తండ్రి వాయించిన, తోలు చిరిగిపోయిన పాత డప్పును దించినప్పుడు కూడా ముందు కంపెనీ డబ్బానే తెరిచింది.

తండ్రి రామస్వామి ఒకప్పుడు ఆ డప్పు కొడితే వీధి వీధంతా బయటికొచ్చేది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఆయన మంచం దిగడమే తక్కువ. సత్యవేణి తమ్ముడు దయాకర్ బోల్టులు బిగించే ఫైబర్ డప్పు కొనితెస్తే, "గది డబ్బారా, డప్పు గాదు" అని తండ్రి మొహం తిప్పుకున్నాడు. పాత డప్పు మోత ఆయనకు ఒక్కసారైనా వినిపించాలని సత్యవేణి పట్టుదల. దానికి తోడు, ఆడపిల్లవని చిన్నప్పుడు ముట్టనివ్వని ఆ వస్తువు ఎలా పనిచేస్తుందోనన్న ఆరాటం ఇన్నేళ్లూ ఆమెను తొలుస్తూనే ఉంది.

కొత్త మేకతోలు నానబెట్టి, చెక్క చట్రం మీద లాగి, గమ్ముతో అతికించింది. ఆరాక, తోలు బిగియడానికి గడ్డి మంట మీద కాచింది. సెగ తగిలిందో లేదో గమ్ము మెత్తబడి తోలు జారిపోయింది.

రామస్వామి చాలా రోజుల తర్వాత పకపకా నవ్వాడు. "మంటకు గమ్ము ఆగుతదా బిడ్డా? చింతగింజలు ఏంచి, పొట్టు దీసి, నానవెట్టి నూరు. అంబలి లెక్క ఉడకవెట్టు."

"గింజల పిండికి తోలు ఆగుతదా బాపూ?"

"జేసి సూడు."

చేసింది. ఆ బంకను వేళ్ల మధ్య సాగదీసి, వాసన చూసి, చిన్నపిల్లలా మురిసిపోయింది. తోలు అతికించి, నీడలో ఆరబెట్టి, మళ్లీ కాచింది. ఈసారి అంగుళం కూడా కదల్లేదు.

"ఎంత కాగాలె?"

"నా చెంపకు ఆనియ్యి." ఆనించింది. "జర ఇంక," అన్నాడు. ఇంకోసారి కాచి తెచ్చాక, "సాలు" అన్నాడు.

ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, డప్పును ఎడమ భుజానికి తగిలించాకే సత్యవేణికి గుర్తొచ్చింది, దాన్ని కొట్టడానికి రెండు చేతులు కావాలని. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

రామస్వామి సన్న పుల్లను ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచేత్తో పట్టాల్సిన లావు కర్ర వైపు కాసేపు చూసి, గడ్డంతో ఆమెకు చూపించాడు.

"అది నువ్వు వట్టు."

సత్యవేణి పక్కన కూర్చుని, ఆ కర్రతో ఒక దెబ్బ వేసింది. తాళం తప్పింది.

"మల్ల," అన్నాడు తండ్రి.