షాలిబండ ఎక్కే సైకిల్

ఆ ఎండకాలం ఛత్రినాక బస్టాపుల నిలబడితే నాకు పానం కొట్టుకుంటుండె. బస్సు ఎప్పుడొస్తదో తెల్వది. వస్తే కాలు పెట్టే సందు ఉంటదో ఉండదో తెల్వది. ఆడోళ్లకు టికెట్ లేదు గని, నిలబడనీకి జాగ గూడ లేదు. షేరింగ్ ఆటోలల్ల పోతే రెండు జాగలల్ల దిగుడు, మళ్ల ఎక్కుడు. అఫ్జల్‌గంజ్‌ల మందుల హోల్‌సేల్ దుకాణంల పార్సిళ్లు కట్టే పని నాది. పదింటికల్లా ఉండాలె. మా సేటు తిట్టే మనిషి కాదు. గడియారం దిక్కు చూసి, నా దిక్కు చూసి, మళ్ల కాయితాలల్ల తల పెడ్తడు. గా చూపు పొద్దుమీకిందాక నా ఈపుకు అంటుకునే ఉంటుండె.

ఒకనాడు ముప్పావుగంట చూసి, ఇగ ఆగలేక నడుసుడు మొదలువెట్టిన. మదీనా దాక నడిచినా ఆ బస్సు నన్ను దాటి పోలే. దారిల చార్మినార్ కాడ ఆటోలన్ని ఇరుక్కొని హారన్లు కొడుతుంటే, ఒక ముసలాయన సైకిల్ మీద నడుమల నుంచి నిమ్మళంగ ఎల్లిపోయిండు. ఆయన ఈపు కనవడకుండ పొయ్యేదాక చూసిన. ఆ దినం దుకాణానికి మస్తు లేటయింది. సేటు చూసిండు. నేను మాత్రం సైకిల్ కొనాలని ఖరారు చేసుకున్న.

ఇంట్ల చెప్తే మా ఆయన "నీ ఇష్టం" అన్నడు. ఆయనకు పొద్దుగాల ఐదింటికే డ్యూటీ, నా బస్సు లొల్లి ఆయనకు తెల్వది. మా అత్తమ్మ ఊకోలే. రెండు బర్రెలను సాది, బస్తీల పాలు పోసి ఇల్లు నడిపిన మనిషి.

"నలభై ఒకటి నిండినయి నీకు. నలుగురు నవ్వరా?"

"నవ్వనీ అత్తమ్మా."

"అసలు తొక్కొస్తదానే?"

"చిన్నప్పుడు మా అన్న సైకిల్ తొక్కిన. డండ కింద నుంచి కాలు పెట్టి."

ఆమె బర్రెలకు గడ్డెయ్య పోయింది.

రెండు ఐతారాలు దుకాణాలు తిరిగిన. ఎక్కడ పోయినా "బాబు కోసమా మేడం?" అనే అడుగుడు. నాకే అంటే గులాబి రంగుది, ముంగట బుట్ట ఉన్నది తెచ్చి పెట్టిండ్రు. కూసుంటే మోకాళ్లు హ్యాండిల్‌కు తాకుతున్నయి. ఇంకో కాడ లావు టైర్లది, గేర్లది చూసిన. సూడ సక్కగున్నది గని దానికి మడ్‌గార్డు లేదు, వెనక క్యారియర్ లేదు. వానల మా గల్లీ బురదంతా నా మీదనే పడ్తది, టిఫిన్ డబ్బా యాడ పెట్టాలె? ధర వింటే ఇంకింత దూరం జరిగిన. ఇగ రోడ్డు మీద మనుషులు కాదు, సైకిళ్లే కనవడ్తుండె. పని మీద మనసు నిలుస్త లేదు. ఒకనాడు తాండూరుకు పోవాల్సిన పార్సిల్ మీద సిద్దిపేట అని రాసిన.

మూడో ఐతారం అత్తమ్మే చెప్పులేసుకున్నది. "పా, నేనొస్త. నిన్ను బర్రెను కొనమన్నా గిట్లనే తిరుగుతవు. బర్రెకు రంగు చూస్తమా?"

ఫలక్‌నుమా స్టేషన్ దిక్కు పాత సైకిళ్లను బాగుచేసి అమ్మే మెకానిక్ ఒకాయన ఉంటడని పాలు కొనేటోళ్లెవరో ఆమెకు చెప్పిండ్రు. బక్కపల్చని మనిషి, గడ్డం తెల్లవడ్డది. "ఎవరికి అమ్మా?" అని అడిగితే, నేను నోరు తెరవకముందే "ఈమెకే" అన్నది అత్తమ్మ. ఆయన నవ్వలే.

"రోజు ఎక్కడికి పోతరు బహెన్?"

గంత వరకు ఆ మాట ఎవ్వరూ అడగలే. చెప్పిన.

"పొద్దుగాల దిగుడే, ఫికర్ లేదు. సాయంత్రం షాలిబండ చడావ్ ఎక్కాలె. అసలు కత అదే." లోపల నుంచి నల్ల లేడీస్ సైకిల్ ఒకటి తెచ్చిండు. "సస్తా గేర్లు ఆర్నెల్లకే సతాయిస్తయి. దీనికి పెడల్ కాడి పళ్ల చక్రం చిన్నది ఏసిన. ఉరకది, గని ఎక్కుతది."

"ఎక్కుతదని ఎట్ల నమ్మాలె?" అన్నది అత్తమ్మ.

"తొక్కి చూడున్రి."

"తీస్కొని ఉరికితే?"

"మీరు ఈడనే ఉంటరు కద!"

అత్తమ్మ ఆయన స్టూలు గుంజుకొని కూసున్నది. "సరే, నన్ను కుదువ పెట్టుకో."

మొదలు హ్యాండిల్ నా మాట వినలే. ఒక ఆటో ఆయన తిట్టిండు. అలియాబాద్ దాటినంక చేతులు కుదిరినయి. షాలిబండ పైదాక పోయి వాపస్ రావాలనుకున్న. గని కింది దాక దిగకుండ ఎక్కుడెట్ల తెలుస్తది? దిగిన. బ్రేకులు గట్టిగ పట్టుకొనే దిగిన. కిందికొచ్చి మళ్లేసరికి ఆ చడావ్ గోడ లెక్క కనవడ్డది. సగం కాడ తొడలు మండినయి. ఎనక నుంచి హారన్. "ఆంటీ, సైడ్!" దిగి నూకుదామనిపించింది. సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కిన. పైకొచ్చి ఆగేసరికి నోరెండిపోయింది, కండ్లల్ల నీళ్లు. నవ్వుతున్న కూడ.

తిరిగి పోయేసరికి గంట దాటింది. అత్తమ్మ రోడ్డు మీదనే నిలబడ్డది. "బర్రె తప్పిపోయిననాడు గూడ గింత ఫికర్ కాలే నాకు!" అని ఒర్లింది. నా జబ్బ పట్టుకొని పైనుంచి కిందికి చూసింది. మెల్లగ అడిగింది:

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"దిగి నూకినవా?"

"లే."

ఇగ ఆమె మెకానిక్ దిక్కు తిరిగింది. ధర తగ్గించింది, తాళం ఊకెనే తీసుకున్నది, బెల్లు కొత్తది ఏయించింది. ఆఖర్కు ఆయన రెండు చేతులెత్తి "తీస్కపో తల్లీ" అన్నడు.

తెల్లారి దుకాణానికి సేటు కంటె ముందు చేరిన. బస్తీల ఒక వారం నవ్విండ్రు, తర్వాత ఊకున్నరు. మొదటి వానకు లాల్‌దర్వాజ కాడ బ్రేకు జారి పడ్డ, మోచెయ్యి చీరుకపోయింది. ఆ మెకానికే బ్రేకు రబ్బర్లు మార్చి, వాన పడేటప్పుడు ముంగటి చక్రం బ్రేకు ఒక్కటే పట్టొద్దని చెప్పిండు. తెల్లారి మళ్ల ఎక్కిన. ఇప్పటికీ దిగుడు వచ్చిందంటే గుండె దడదడ కొట్టుకుంటది, వేళ్లు బ్రేకుల మీదికి వాటంతట అవే పోతయి.