మా పికప్పు ఎత్తు తగ్గించిన ఏడాది

మా పికప్పు ఎక్కాలంటే నాకు ముక్కాలిపీట కావాల్సి వచ్చేది. నేనేమో పొట్టిదాన్ని, అదేమో మా మామ పట్టుబట్టి ఎత్తు పెంచిన బండి. సేదరపేట్ దాటినాక మా చేనికి పోయే దావ వానొస్తే మోకాలిలోతు బురద. ఆ బురదకు బండి అడుగు ఆనకూడదని చక్రాల పైన బరువు మోసే కమాన్లలో అదనంగా ఇనప పట్టీలు వేయించి, గుబ్బలు గుబ్బలుగా ఉండే పెద్ద టైర్లు తొడిగించినాడాయన. బురదలో బాగా పోతాది, నేను కాదనను. తారురోడ్డు మీదికొస్తే మాత్రం ఒళ్ళు హూనం. మలుపు తిరిగితే పక్కకు వాలతాది, బ్రేకు కొడితే ముక్కు నేలకు పెడతాది. మామ పోయినాక ఆ బండి మా ఇంటాయన చేతికొచ్చింది. ఆయన నాకు మేనమామ కొడుకు. పుట్టినప్పటి నుంచీ బావే, పెండ్లయినాకా బావే.

పెండ్లయిన కొత్తలో ఆ బండిలో ఆయన పక్కన కూచోని టవున్లో కోసపాళయంలో ఉండే మా అమ్మావాళ్ళింటికి పోవడమంటే నాకు భలే ఇష్టం. ఎగిరెగిరి పడతా, నవ్వుకుంటా పోయేవాళ్ళం. అంత ఎత్తులో కూచుంటే పక్కన పోయే బస్సులో వాళ్ళ మొగాలు సరిసమానంగా కనపడేవి.

మొదటిసారి నాకు నాలుగో నెల జరగతా ఉండగా కూడా అట్టే పోయొచ్చినాం. తిరిగొచ్చిన వారానికి బిడ్డ నిలవలా. ఆస్పత్రిలో డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూచోబెట్టి, ఇది బండి కుదుపు వల్ల అయ్యేది కాదు, బిడ్డే సరిగ్గా ఎదగలా, మీరు చేసిందేమీ లేదు అని అరవంలో విడమరిచి చెప్పింది. నేను నమ్మినా. నమ్మినా కాబట్టే లేచి తిరిగినా. బావ తల ఊపినాడు గానీ నమ్మలా.

ఆ పొద్దు నుంచి నన్ను బండి ఎక్కనీలా. యాడికి పోవాలన్నా నాకు ఆటో. ఆటో వెనకాల ఖాళీ పికప్పు వేసుకోని ఆయన. "ఏంది బావా ఇది, ఊరేగింపా?" అంటే, "నాకూ టవున్లో పనుండాది" అనేవాడు. ఏం పనో ఏమో, నన్ను మా అమ్మ వాకిట్లో దించేదాకా ఉండేది, ఆ తర్వాత ఉండేది కాదు. ఒకసారి ఆటో ఆయన అద్దంలో చూసి, ఎవురో మన వెనకే వస్తా ఉండారక్కా అని భయపడినాడు. "మా ఇంటాయనే లేప్పా, నువ్వు పో" అన్నా.

పైకి నవ్వులాటే గానీ లోపల నాకు కష్టంగా ఉన్నింది. నన్ను పక్కన కూచోబెట్టుకోని బండి తోలే ధైర్యం ఈ మనిషికి మళ్ళీ వస్తాదా రాదా అనేదే నా దిగులు.

రెండోసారి నెల తప్పినానని చెప్పిన మర్నాడే ఆయన టైర్ల అంగడికి బయల్దేరినాడు. నేనూ వస్తానని మొండికేసి ఆటోలో పోయినా. అంగడాయన వెడల్పాటి టైర్లు దొర్లించుకోనొచ్చి, ఎత్తు బండికి ఇవే అందం, రోడ్డును పట్టుకుంటాయి అన్నాడు. ఒకటి తొడిగి స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకునింది. సరే, నైలానువా రేడియల్‌వా అని మొదలుపెట్టినాడు. నైలానువి బరువుకు గట్టివి, రేడియల్‌వి పక్కలు మెత్తగా ఉంటాయి, గుంతలో దిగినా దెబ్బ జాస్తి లోపలికి రాదు. లోడెంత, స్పీడెంత అని ఆయన అడగతా ఉంటే బావ గొంతు తగ్గించి, "లోడు కాదు, మనిషి కూచోవాల" అన్నాడు. ఏ మనిషి అని అంగడాయన అటూ ఇటూ చూసినాడు. నేను కొంగు సర్దుకోని రోడ్డు వైపు తిరిగినా, సిగ్గేసింది. కడాకు సన్నగీతల రేడియల్ టైర్లు, పాతవాటికంటే ఒక సైజు తక్కువవి తీసుకున్నాడు. "బురదలో ఇరుక్కుంటే?" అన్నా. "ట్రాక్టరుతో లాక్కుందాంలే" అన్నాడు. మామ వినుంటే ఇల్లు ఎగరగొట్టుండేవాడు.

టైర్లతో తీరలా. మామ వేయించిన పట్టీలు వెనకాలవి తీసేయించి, ముందరివి అట్టే ఉంచినాడు. ఇంకేముంది, బండి ముక్కు పైకెత్తుకోని నిలబడింది, స్టీరింగు చేతిలో తేలిపోతా ఉంది. మళ్ళీ పోయి ముందరివీ తీయించి, కుదుపు ఆపే షాకులు మార్పించి, చక్రాలు తిన్నగా చేయించుకోని వచ్చినాడు. అయినా ఖాళీగా పోతే వెనక భాగం ఎగరతానే ఉన్నింది. టైరు రాయి మాదిరి ఉంటేనే బండికి బలమని మా ఇంట్లో మామ కాలం నాటి నమ్మకం. ఆ నమ్మకంతోనే మెత్తటి టైర్లు ఏరికోరి తెచ్చి, వాటికీ లోడుకు కొట్టినట్టే నిండా గాలి కొట్టించినాడు నా మొగుడు. మా అత్త వాకిట్లో కూచోని చింతపండు గింజలు తీస్తా, "కొంచెం గాలి తీయించరా. వెనక రెండు మూటలెయ్యి. మూటలుంటే మెత్తగా పోతాది. నేను మీ నాయనతో మూటల బండిలో తిరిగినదాన్నే కదా" అనింది. గాలి తగ్గించి, ఇసుక మూటలు వేసినాడు. అప్పుడు కొంచెం దారికొచ్చింది.

ఇంక పరీక్షలు. నేను కూచునే తావులో అంచుల దాకా నీళ్ళు పోసిన ఇత్తడి బిందె పెట్టి, పడకుండా చుట్టూ నా పాతచీర ఒదిగించి, టవునుకు పోయొచ్చేవాడు. వచ్చి, దిగీ దిగకముందే బిందెలోకి తొంగి చూసేవాడు. సీటు తడిసుంటే మొగం వాడిపోయేది. నా కడుపు పెరిగే కొద్దీ ఒలకడం తగ్గతా వచ్చింది. ఒకనాడు బిందె పోయినంత నిండుగా తిరిగొచ్చింది.

"సరి బావా, ఇంక నేనెక్కుతా" అన్నా.

"ఇంకా కొంచెం చూడాల" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "బిందెకున్న మర్యాద నాకు లేకపోయె. దాన్నే పెండ్లి చేసుకోకపోయినావా?" అన్నా. అత్త పడీపడీ నవ్వింది. బావ నవ్వలా. బిందె ఎత్తుకోని పోయి కరేపాకు చెట్టుకు నీళ్ళు పోసొచ్చినాడు.

ఏడో నెలలో సీమంతం చేసినారు. చేతినిండా గాజులు తొడిగి, పులిహోరా దద్దోజనమూ పెట్టి, పుట్టింటికి పంపాల. మా ఇండ్లలో ఆ పొద్దు మొగుడు వెంట పోకూడదు, పుట్టింటివాళ్ళే వచ్చి తోడుకోని పోవాల. మా అన్న బాడుగ కారు తెచ్చినాడు. ఆడోళ్ళు నన్ను కారు దగ్గరికి నడిపిస్తా ఉంటే, నేను పక్కకు తిరిగి నేరుగా పోయి పికప్పు తలుపు తీసి ఎక్కి కూచున్నా. మా అన్న వచ్చి, "ఏందమ్మా ఇది, దిగు" అన్నాడు. "బావ తోలితేనే వస్తా. లేకుంటే కానుపు ఈడనే" అన్నా.

బావ దూరంగా నిలబడుండాడు. పెద్దోళ్ళు గొణగతా ఉండారు. అత్త ఆయన భుజం మీద చెయ్యేసి, "ఆనవాయితీ సంగతి నేను చూసుకుంటా. పో నాయనా, తోలు" అనింది. ఆయన కిటికీ దగ్గరికొచ్చి, నాకు మాత్రం వినపడేటట్టు, "నా వల్ల కాదు మే. మళ్ళీ నా చేతులతోనే..." అని నిలిపేసినాడు.

నా కోపమంతా యాడికి పోయిందో. "బావా, ఆ బిడ్డను నువ్వు పోగొట్టలా. డాక్టరమ్మ చెప్తే వినలా. నేను చెప్తా ఉండా, విను. ఈ బిడ్డ వాళ్ళ నాయన తోలే బండిలో పోవాల" అన్నా.

వచ్చి కూచున్నాడు. బండి తీసినాడు. ఫ్యాక్టరీలు విడిచిపెట్టే వేళ, రోడ్డంతా సైకిళ్ళూ కంపెనీ బస్సులూ. నిజం చెప్పాల, బండి మెత్తగా పోయింది, మలుపుల్లో వాలలా. గతుకు కనపడినప్పుడల్లా ఎడమచెయ్యి తెచ్చి నాకు అడ్డంగా పెట్టినాడు. మా అన్న ఖాళీ కారు వేసుకోని వెనక వచ్చినాడు.

కోసపాళయంలో మా ఇంటి ముందర ఇంజను ఆపి, బావ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. అలిసిపోయినాడేమో అనుకున్నా. భుజాలు అదరతా ఉంటే అప్పుడర్థమైంది, ఏడస్తా ఉండాడని. "ఎట్టుండేదో మే ఆ బిడ్డ" అన్నాడు.

ఆ బిడ్డ పోయినప్పుడు నా చుట్టూ ఎంతమంది కూచున్నారో. అన్నం కలిపి పెట్టినారు, తల నిమిరినారు, నాతో పాటు ఏడిచినారు. ఆయన్ను మందులు తెమ్మని పంపించినారు. ఆయన పక్కన ఎవురూ కూచోలా.

మా అమ్మ ఆరతి పళ్ళెం పట్టుకోని వాకిట్లో నుంచి పిలస్తా ఉంది. "ఉండమ్మా, వస్తాం" అన్నా. దిగకుండా ఆయన పక్కనే కూచున్నా.